కాలికి ట్యాగ్.. ఇంటికో డబ్బా

గ్లాస్గో తూర్పు వైపు రిడ్రీలో బస్సు వెళుతుంటే ఎత్తైన పాత రాతి కట్టడాలు కనిపిస్తాయి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు కోట అనుకున్నారు. అది బార్లినీ జైలు. 1882 నుంచీ నడుస్తోంది. వెయ్యి మందికి సరిపోని ఆ జైల్లో 1,300 మందికి పైగా ఉంటున్నారు.

స్కాట్లాండ్‌లో లక్ష జనాభాకు దాదాపు 150 మంది ఖైదీలు. మన దేశంలో ఆ సంఖ్య 40కి అటూఇటూ. మురిసిపోనక్కర్లేదు, మన ఖైదీల్లో నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు.

ఇక్కడ జైళ్లు నిండిపోవడంతో 2024 జూన్, జులైలలో 477 మందిని గడువుకు ముందే వదిలేశారు. 2025 ఫిబ్రవరి నుంచి నాలుగేళ్లలోపు శిక్ష పడ్డవారిలో చాలామందిని సగం బదులు 40 శాతం పూర్తవగానే పంపడం మొదలుపెట్టారు. గృహహింస, లైంగిక నేరాలవారికి ఈ వెసులుబాటు లేదు.

ఇదంతా నాకు పేపర్లో చదివే వార్త. మా కింది ఫ్లాట్‌కు ఒకతను కాలికి ట్యాగ్‌తో వచ్చేదాకా.

‘పిల్లలున్న ఇల్లు, వేరే ఫ్లాట్ చూడండి’ అంది మా ఆవిడ. నాకూ భయమే. ఆ ఫ్లాట్ అతని అక్కది. మెట్ల దగ్గర ఆమే చెప్పింది. దీన్ని హోమ్ డిటెన్షన్ కర్ఫ్యూ అంటారట. రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు వరకు ఇల్లు కదలకూడదు. కదిలితే హాల్లో పెట్టిన డబ్బా కంట్రోల్ రూముకు చెప్పేస్తుంది, మళ్లీ జైలే. ఆ డబ్బా పెట్టడానికి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఆమె కాదంటే అతనింకా లోపలే.

మన దగ్గర బెయిల్ వచ్చినా జామీను దొరక్క జైల్లోనే మిగిలిపోయేవాళ్లు గుర్తొచ్చారు. అలాంటి పేదల కోసం కేంద్రం 2023లో 40 వేల రూపాయల దాకా ఇచ్చే పథకం పెట్టింది. ఇక్కడ అదే ఏడాది తెచ్చిన చట్టం శుక్రవారం విడుదలలను ఆపేసింది. శని, ఆదివారాలు ఆఫీసులు మూసేస్తే ఇల్లు, మందులు ఎవరిస్తారని!

ఓ సాయంత్రం ఏడుకు రెండు నిమిషాలుండగా అతను మెట్ల మీద పరుగున వచ్చి నా కూరల సంచికి తగిలాడు. ఉల్లిపాయలు దొర్లాయి. సారీ అంటూనే తలుపేసుకున్నాడు. ఏరుకుంటుంటే తలుపు తెరుచుకుంది. గుమ్మం దాటకుండానే చెయ్యి చాపి, లోపలికి దొర్లిన ఉల్లిపాయను అందించాడు.

ఇల్లు మారే మాట మా ఆవిడ ఇంకా పూర్తిగా మానలేదు.