చెవులతో ఎక్కే జెయింట్‌ వీల్‌!

డిస్నీల్యాండ్‌ చూడాలంటే వీసా కావాలి, విమానం టికెట్టు కావాలి. దాని కథ వినాలంటే మాత్రం ఫోనూ ఇయర్‌ఫోన్సూ చాలు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లేలోపు వందేళ్ల కిందటి న్యూయార్క్‌ సముద్రతీరాన్ని చుట్టి రావచ్చు. థీమ్‌ పార్కుల చరిత్ర చెప్పే పాడ్‌కాస్ట్‌ల మహిమ అది. వినగా వినగా అర్థమయ్యేదేంటంటే... మన కొల్లేటి జాతరకీ, మన ఏలూరు కోర్టుకీ కూడా ఆ చరిత్రలో చోటుందని!

రైలు ఏలూరు దాటింది. కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడి చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌. పాటలు వింటున్నాడేమో అనుకుంటాం. కానీ ఉన్నట్టుండి తనలో తనే నవ్వుకుంటాడు. కాసేపటికి కళ్లు పెద్దవి చేస్తాడు. భీమడోలు వచ్చినా, పూళ్ల దాటినా తల తిప్పడు. అతను వింటున్నది పాట కాదు మరి... 1911లో ఒక్క రాత్రిలో బూడిదైపోయిన పార్కు కథ!

జేబులో ఆకాశవాణి

ఈ ప్రాంతం వాళ్లకి వినడం కొత్తేమీ కాదు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైనప్పటి నుంచీ డెల్టా ఊళ్లలో రేడియో ఇంట్లో మనిషే. నాటకం వస్తోందంటే చాలు, అరుగు మీద ఇరుగుపొరుగంతా చేరేవారు. పాడ్‌కాస్ట్‌ కూడా అలాంటిదే. తేడా ఒక్కటే... టైముకి మనం రేడియో దగ్గరికి వెళ్లనక్కర్లేదు, మనకి తీరికైనప్పుడు అదే మన దగ్గరికి వస్తుంది. యాపిల్‌ వారి ‘ఐపాడ్‌’నీ ‘బ్రాడ్‌కాస్ట్‌’నీ కలిపి ఈ మాటని పుట్టించింది బెన్‌ హామర్స్లీ అనే పాత్రికేయుడు, 2004లో గార్డియన్‌ పత్రికలో.

థీమ్‌ పార్కుల మీద ఇలాంటివి బోలెడున్నాయి. ‘పాడ్‌కాస్ట్‌: ది రైడ్‌’లో ముగ్గురు మిత్రులు చేరి ఒక్కో రైడ్‌ గురించీ గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటారు. 2017లో కెవిన్‌ పెర్జరర్‌ వీడియోలుగా మొదలుపెట్టిన ‘డిఫంక్ట్‌ల్యాండ్‌’ది మరో దారి. మూతబడిన పార్కులూ, ఆగిపోయిన రైడ్‌లే దాని సరుకు. అవి ఎందుకు పుట్టాయో, ఎందుకు పోయాయో తవ్వి చెబుతుంది. ఇవన్నీ ఇంగ్లిష్‌లోనే. యాస అర్థం కాకపోతే యాప్‌లో వేగం కాస్త తగ్గించుకుంటే సరి. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఇంగ్లిష్‌ పాఠం కూడా అయిపోతుంది.

కంటితో చూసి ఆనందించాల్సిన దాన్ని చెవితో వినడమేంటి అనిపించొచ్చు. అసలు రుచి అక్కడే ఉంది. పార్కుకి వెళితే కనిపించేది రంగులూ దీపాలే. కథ వింటే వాటి వెనకున్న మనుషులు కనిపిస్తారు. ఈ పిచ్చి ఊహ ఎవరికొచ్చింది, డబ్బు ఎవరు పెట్టారు, చివరికి ఎవరు మునిగారు... ఏ పార్కు కథ విన్నా ఈ మూడు ప్రశ్నలూ వచ్చి తీరతాయి.

చక్రం తిప్పి... తానే పడిపోయి!

మొదట జెయింట్‌ వీల్‌నే తీసుకోండి. 1889లో ప్యారిస్‌ వాళ్లు ఈఫిల్‌ టవర్‌ కట్టి లోకాన్ని నివ్వెరపరిచారు. నాలుగేళ్ల తర్వాత, 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన. ఈఫిల్‌కి దీటైనదేదో నిలబెట్టాలని అమెరికన్ల పంతం. జార్జ్‌ ఫెర్రిస్‌ అనే ఇంజినీరు 264 అడుగుల ఎత్తున ఉక్కు చక్రం కడతానన్నాడు. అంతా నవ్వారు. అతను కట్టి చూపించాడు. 36 పెట్టెలు, ఒక్కోదానిలో 60 మంది. అంటే ఒకేసారి 2,160 మందిని గాల్లోకి లేపే యంత్రం. టికెట్టు 50 సెంట్లు. పద్నాలుగు లక్షల మందికి పైగా ఎక్కారు.

మరి ఫెర్రిస్‌ కోటీశ్వరుడైపోయాడా? లేదు. రావాల్సిన డబ్బు కోసం తగవులు, మీద పడిన అప్పులు. మూడేళ్లకే, 1896లో, 37 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ మహా చక్రాన్ని 1906లో డైనమైట్‌ పెట్టి కూల్చేసి తుక్కు కింద అమ్మేశారు. మన తిరనాళ్లలో తిరిగే ప్రతి జెయింట్‌ వీల్‌కీ ఇంగ్లిష్‌లో ఇప్పటికీ అతని పేరే!

ఇక్కడో కొసమెరుపు. మనుషుల్ని కూర్చోబెట్టి తిప్పే చక్రం అమెరికావాళ్ల సొత్తేం కాదు. 1615లోనే ఇటలీ యాత్రికుడు పియత్రో దెల్లా వల్లె ఇస్తాంబుల్‌లో పండగ రోజున కొయ్య చక్రమెక్కి మురిసిపోయాడు. చక్రం తూర్పు దేశాల జాతరల్లో ముందునుంచీ ఉంది. ఫెర్రిస్‌ దాన్ని ఉక్కుతో ఆకాశమంత చేశాడు.

పసిబిడ్డల్ని బతికించిన పార్కు

న్యూయార్క్‌ దగ్గరి కోనీ ఐలాండ్‌ గురించిన ఎపిసోడ్లయితే వదలబుద్ధి కాదు. నేటి రోలర్‌ కోస్టర్‌కి దారి వేసిన రైడ్‌ని 1884లో లామార్కస్‌ థామ్సన్‌ నడిపింది అక్కడే. టికెట్టు అయిదు సెంట్లు. వేగం గంటకి ఆరు మైళ్లు... మన సైకిల్‌ కన్నా తక్కువ! అయినా జనం కేకలు పెట్టేవారట.

1903లో అక్కడ లూనా పార్కు, మర్నాడు ఏడాదికి డ్రీమ్‌ల్యాండ్‌ వెలిశాయి. వాటిలో ఏనుగులూ సింహాలతో పాటు మరో ‘ప్రదర్శన’ ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులు! గాజు పెట్టెల్లో వాళ్లని ఉంచి, చూడ్డానికి 25 సెంట్లు తీసుకునేవారు. వినగానే ఒళ్లు మండుతుంది కదూ. కానీ ఆగండి... అప్పట్లో చాలా ఆస్పత్రులు అలాంటి బిడ్డలు బతకరని వదిలేసేవి. ఇంక్యుబేటర్లు అరుదు. మార్టిన్‌ కూనీ అనే ఆయన టికెట్ల డబ్బుతోనే నర్సుల్ని పెట్టి ఆ బిడ్డల్ని సాకాడు. తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. ఆయనకి నిజంగా డాక్టరు పట్టా ఉందా అన్నది నేటికీ అనుమానమే. ఆయన చేతిలో బతికిన పిల్లలు మాత్రం సుమారు 6,500 మంది అని అంచనా. న్యూయార్క్‌ ఆస్పత్రులు ఆ పని అందుకున్నాకే, 1943లో, ప్రదర్శన మూసేశాడు.

రైల్లో కుర్రాడు కళ్లు పెద్దవి చేసింది దీనికే. 1911 మేలో ఓ రాత్రి డ్రీమ్‌ల్యాండ్‌ అంటుకుంది. నిప్పు పుట్టింది ‘నరకద్వారం’ అనే పేరున్న రైడ్‌లో! పార్కు మొత్తం కాలిపోయింది. పసిబిడ్డల్ని మాత్రం నర్సులు క్షేమంగా బయటికి తెచ్చారు.

ఆ ఆదివారం ఏం జరిగిందంటే...

డిస్నీల్యాండ్‌ అంటే అంతా సక్రమం, శుభ్రం అనుకుంటాం. 1955 జులై 17, ఆదివారం... అది తెరిచిన రోజు కథ వింటే నవ్వాగదు. పిలిచినవాళ్లు 15 వేల లోపు. దొంగ టికెట్లతో వచ్చినవాళ్లతో కలిపి దాదాపు 28 వేలు. కొత్తగా వేసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ల మడమ చెప్పులు దిగబడిపోయాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీటి కుళాయిలా, మరుగుదొడ్లా... ఏదో ఒకటే పూర్తవుతుందంటే వాల్ట్‌ డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. మన పెళ్లిళ్ల హడావుడి ఎలాంటిదో అదీ అంతే!

నవ్వు సంగతి అలా ఉంచితే, ఆ పార్కుకి అయిన ఖర్చు కోటీ 70 లక్షల డాలర్లు. బ్యాంకులు నమ్మలేదు. డిస్నీ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు, ఇల్లమ్మాడు. ఓ టీవీ సంస్థకి కార్యక్రమాలు చేసిపెడతానని ఒప్పుకుని దానితో పెట్టుబడి పెట్టించాడు. దెబ్బ తగిలితే ముందు మునిగేది తనే. అది గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

మన దేశంలోనూ ఈ కథకి కొదవలేదు. 1982 ఆసియా క్రీడల ఏనుగుపిల్ల ‘అప్పు’ పేరుతో ఢిల్లీలో 1984 నవంబరులో అప్పూఘర్‌ తెరిచారు. ఒక తరం పిల్లల్ని ఊపి, 2008లో మూతబడింది. 1989లో మొదలై టీవీ ప్రకటనలతో దేశమంతా తెలిసిన ముంబయి ఎస్సెల్‌ వరల్డ్‌ 2022లో ఆగిపోయింది. మన తెలుగు పిల్లలకి 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ, 2016లో హైదరాబాద్‌ వండర్‌లా విహారయాత్రల చిరునామాలయ్యాయి.

ఏలూరు కోర్టు దాకా వచ్చిన కథ

అయితే కొల్లేటి ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి కథ మరోటుంది. ఏలూరు మీదుగా పోయే జాతీయ రహదారి మీదే విజయవాడ దాటి గుంటూరు వైపు వెళితే చినకాకాని దగ్గర కనిపించే హాయ్‌ల్యాండ్‌. బౌద్ధం ఇతివృత్తంగా కట్టిన థీమ్‌ పార్కు. పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రాగల దూరం. నీళ్లాటలు, రైడ్‌లు, ఫొటోలు... పిల్లలకి పండగే.

దాన్ని కట్టింది అగ్రిగోల్డ్‌ గ్రూపు. 1995లో విజయవాడలో మొదలైన ఆ సంస్థ పలు రాష్ట్రాల్లో జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంది. డబ్బు కట్టించుకున్న ఏజెంట్లు బయటివాళ్లు కాదు... పక్కింటి అన్నయ్య, వరసకి బాబాయ్‌, తెలిసిన టీచరమ్మ. ఆ నమ్మకంతోనే రోజుకూలీలూ, చిరువ్యాపారులూ కూతురి పెళ్లికనీ, కొడుకు చదువుకనీ దాచుకున్నారు. చివరికి చెల్లింపులు ఆగిపోయాయి. ఎన్‌ఫోర్స్‌మెంట్‌ డైరెక్టరేట్‌ లెక్క ప్రకారం బాధితులు 32 లక్షల మంది, సొమ్ము రూ.6,380 కోట్లు. సంస్థ పెద్దల్ని 2016లో సీఐడీ అరెస్టు చేసి హాజరుపరిచింది ఏలూరు కోర్టులోనే. డిపాజిట్ల సొమ్ము ఇతర వ్యాపారాలకి మళ్లిందన్నది ఈడీ అభియోగం. 2020 డిసెంబరులో అది జప్తు చేసిన ఆస్తుల్లో హాయ్‌ల్యాండ్‌ కూడా ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో పది వేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు డిపాజిట్లున్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చింది. 2025 ఫిబ్రవరిలో సుమారు రూ.3,339 కోట్ల ఆస్తుల్ని బాధితులకి చేరేలా విడుదల చేసినట్టు ఈడీ ప్రకటించింది. ఇరవై వేలు దాటి కట్టినవాళ్లకి మాత్రం ఏళ్లకేళ్లు ఎదురుచూపే మిగిలింది. పాసుపుస్తకాలు బీరువాల్లో పాతబడిపోయాయి.

డిస్నీ తన బీమా పాలసీ తాకట్టు పెట్టాడు. ఇక్కడ దెబ్బ తిన్నది డిపాజిటర్ల గల్లాపెట్టె. ఊరి చివర ఏ మెరిసే ద్వారం లేచినా ‘టికెట్టు ఎంత?’ అనే ముందు ‘డబ్బు ఎవరిది?’ అని అడగాలనిపిస్తుంది. పాడ్‌కాస్ట్‌లు వినడం వల్ల అబ్బే అలవాటు అదే.

జాతర కథ ఎవరు చెబుతారు?

పునాదులు లేని పార్కు కూడా ఒకటుంది. అది మన ఊరికే వస్తుంది! ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. ఒకప్పుడు కొల్లేట్లో పడవలెక్కి వెళితే తప్ప అమ్మవారి దర్శనం లేదు. ద్వారకా తిరుమలలో ఏటా రెండుసార్లు బ్రహ్మోత్సవాలు. భీమవరంలో సంక్రాంతికి మావుళ్లమ్మ ఉత్సవాలు. ఇక ఏలూరు గంగమ్మ జాతర ఏడేళ్లకోసారి. ఎక్కడ జనం చేరితే అక్కడికి లారీల్లో జెయింట్‌ వీల్‌ ముక్కలు దిగుతాయి. రెండు రోజుల్లో నిలబడుతుంది. పక్కనే రంగులరాట్నం, ఊగే పడవ, బావిలో మోటారు సైకిల్‌ విన్యాసం. జీళ్లూ, ఖర్జూరం, పీచుమిఠాయి సరేసరి. లోపలికి రావడానికి టికెట్టు లేదు. చేతిలో పది రూపాయలున్నా, అసలేమీ లేకపోయినా తిరిగి చూడొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లని కదిపి చూడండి. కొయ్య గుర్రాల రాట్నాన్ని ఇద్దరు మనుషులు చేత్తో తోసి పరిగెత్తించిన రోజులు వాళ్లకి గుర్తే. నానమ్మ ఎంతిచ్చి ఎక్కింది? తాతయ్య భయపడి మధ్యలో దిగిపోయాడా? అడిగితే గంట ఎపిసోడ్‌ అక్కడే తయారు. పాడ్‌కాస్ట్‌ వినే ఆ ఫోన్‌లోనే రికార్డరూ ఉంటుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని నొక్కి మధ్యలో పెడితే చాలు.

అలాగే ఈసారి జాతరలో జెయింట్‌ వీల్‌ ఎక్కి దిగాక, మోటారు దగ్గర చమురు చేతులతో నిలబడ్డ మనిషిని పలకరించండి. ఏ ఊరు, ఎన్నేళ్లుగా తిప్పుతున్నాడు, ఇక్కడి నుంచి ఏ జాతరకి వెళతాడు... ఫెర్రిస్‌ కథ చెప్పేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. ఆయన కథ అడిగేవాళ్లే కావాలి.