నడుస్తూ ఆగిపోయే ఇంజను

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. అయినా అటువంటి పాత కార్లను ముచ్చటపడి కాపాడుకునేవారు నేటికీ ఉన్నారు. అలాంటి కారొకటి మే నెల ఎండలో చెన్నైనుంచి సూళ్లూరుపేటకు వస్తున్నదనుకుందాం. సగం దారిలో ఇంజను ఆగిపోతుంది. వెనుకనుంచి లారీలు వస్తూ ఉంటాయి. కారును ఎట్లాగో పక్కకు నెట్టాలి. అరగంట గడిచిన తరువాత తాళం తిప్పితే, ఏమీ జరగనట్లు ఇంజను నడుస్తుంది. మెకానిక్కు దగ్గరికి చేరేసరికి లోపం కనిపించదు. చీకట్లో రాయి విసిరినట్లు ఒక్కొక్క భాగాన్నే మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుందే గాని రోగం కుదరదు.

ఎప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవడం సులభం. వస్తూ పోతూ ఉండే లోపం, పరీక్షించే వేళకు దాగిపోతుంది. దానిని పట్టుకోవడానికి కావలసింది ఖరీదైన పరికరాలు కావు, క్రమమైన ఆలోచన.

పెట్రోలు ఇంజను నడవడానికి పెట్రోలు, గాలి, నిప్పురవ్వ అనే మూడూ తగిన పాళ్లలో, తగిన సమయంలో అందాలి. పాత కార్లలో తరచుగా అంతరాయం కలిగేది నిప్పురవ్వకో, పెట్రోలుకో. ఈ రెండింటిలో ఏది అందలేదో చాలావరకు ఇంజను ఆగిన తీరే చెబుతుంది. స్విచ్చి కట్టినట్లు ఠక్కున ఆగిపోతే ముందుగా విద్యుత్తు భాగాలను అనుమానించాలి. వేగం తగ్గి, దగ్గినట్లు కుదుపులతో ఆగిపోతే పెట్రోలు అందలేదని అనుమానించాలి.

నిప్పురవ్వను పుట్టించే అధిక వోల్టేజి కాయిల్‌లో తయారవుతుంది. దానిలోని సన్నని తీగ ఎక్కడైనా చిట్లి ఉంటే, చల్లగా ఉన్నంతసేపు ఆ కొనలు తాకుతూనే ఉండవచ్చు. వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఎడమవుతాయి. చల్లారగానే మళ్లీ కలుస్తాయి. చల్లని కాయిల్‌ను పరీక్షించి అది మంచిదని తేల్చడం అందుకే పొరపాటు.

పెట్రోలు సంగతి మరింత ఆసక్తికరమైనది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరగడం ప్రారంభిస్తాయి. పాత కార్లలో పంపు, వేడి ఇంజనుకు ఆనుకుని ఉండి, దూరాన ఉన్న ట్యాంకునుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. పీల్చేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే ద్రవం మరింత తక్కువ వేడికే మరుగుతుంది. అప్పుడు గొట్టంలో ఆవిరి చేరుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు గాని ఆవిరిని సరిగా నెట్టలేదు. ట్యాంకు నిండా పెట్రోలున్నా ఇంజను మాత్రం ఆకలితో ఆగిపోతుంది.

ఇదే ఫలితం మరో విధంగా కూడా కలుగవచ్చు. నూనె డబ్బాకు ఒకే కన్నం పెడితే నూనె సరిగా కారదు. లోపలికి గాలి పోవడానికి రెండవ కన్నం కావాలి. ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం ఆ రెండవ కన్నం వంటిది. అది దుమ్ముతో మూసుకుపోతే, పెట్రోలు ఖర్చయిన కొద్దీ ట్యాంకులో పీడనం తగ్గి, చివరికి పంపు పీల్చలేకపోతుంది.

ఇన్ని కారణాలలో అసలైనది ఏది? ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. అరగంట ఆగి చూడడం పరీక్ష కాదు. ఆ అరగంటలో కాయిల్ చల్లారుతుంది, పంపు చల్లారుతుంది, మూతలోనుంచి గాలి కూడా మెల్లగా లోపలికి చేరవచ్చు. అన్నీ ఒకేసారి మారినప్పుడు, ఏ మార్పువల్ల ఇంజను నడిచిందో తెలియదు. ఇంజను ఆగిన వెంటనే, ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. ముందుగా వేరొక ప్లగ్గును తీగకు తగిలించి, పెట్రోలు ఆవిరులకు దూరంగా, నిప్పురవ్వ వస్తున్నదో లేదో చూడాలి. రాకపోతే లోపం విద్యుత్తు భాగాలలో ఉన్నది. వస్తూ ఉంటే ట్యాంకు మూత తీయాలి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజను వెంటనే నడిస్తే మూతే దోషి. అప్పటికీ నడవకపోతే పంపుమీద మాత్రమే తడిగుడ్డ వేయాలి. కొద్ది నిమిషాలలో నడిస్తే ఆవిరే కారణమని అనుమానం బలపడుతుంది. ఈ పని తెలిసినవారే చేయాలి. అధిక వోల్టేజి, పెట్రోలు రెండూ ప్రమాదకరమైనవి.

సూళ్లూరుపేటకు తూర్పున సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట ఉన్నది. అక్కడినుంచి పైకి లేచిన రెండు రాకెట్లలో, ఆకాశంలోనే ఇటువంటి ప్రశ్న ఎదురైంది.

2010 ఏప్రిల్ 15న జి.ఎస్.ఎల్.వి.-డి3 రాకెట్, 2,220 కిలోగ్రాముల జీశాట్-4 ఉపగ్రహంతో బయలుదేరింది. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజను ఎగిరిన మొదటి ప్రయాణం అది. ఆ ఇంజనుకు ఇంధనం ద్రవరూపంలోని ఉదజని, అనగా హైడ్రోజన్. 293 సెకన్ల వరకు అంతా సవ్యంగా జరిగింది. ఇంజను అంటుకున్నది కూడా. కాని ఇంధనాన్ని అందించే బూస్టర్ పంపు, నిమిషానికి 34,800 చుట్ల వేగాన్ని అందుకుని, 0.9 సెకన్ల తరువాత వేగం తగ్గి, మరి 0.6 సెకన్లలో ఆగిపోయింది. ఉదజని అందక ఇంజను బలం పుంజుకోలేదు. ఉపగ్రహం నష్టమైంది.

2021 ఆగస్టు 12న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్10 రాకెట్‌లో, భూమిని పరిశీలించవలసిన ఇ.ఓ.ఎస్.-03 ఉపగ్రహాన్ని పంపారు. ఈసారి కూడా క్రయోజెనిక్ ఇంజనుకు ఉదజని చాలలేదు. లక్షణం ఒక్కటే, కారణం మాత్రం వేరు. ఉదజని ట్యాంకులో అధిక పీడనాన్ని బయటికి వదిలే కవాటం కారింది. దాని మెత్తని సీలు దెబ్బతిని ఉండవచ్చునని విచారణ సంఘం భావించింది. ద్రవ ఉదజని మైనస్ 253 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ట్యాంకులో పీడనం తగ్గినప్పుడు అటువంటి ద్రవాన్ని పంపు సరిగా అందించలేదు. కారు మూత మూసుకుపోవడం, రాకెట్ కవాటం కారిపోవడం ఒకదానికొకటి వ్యతిరేకమైన లోపాలు. అయినా రెండింటి ఫలితం ట్యాంకులో పీడనం తగ్గి, పంపుకు ద్రవం చాలకపోవడమే.

సముద్రంలో పడిన రాకెట్‌ను విప్పి చూడడం సాధ్యం కాదు. అయితే పీడనం, వేగం, ఉష్ణోగ్రత మొదలైన కొలతలు ప్రయాణంలోనే క్షణక్షణం రేడియో ద్వారా నేలకు చేరాయి. లోపం కలిగిన క్షణంలోని స్థితి చేజారలేదు గనుకనే, 2010 నాటి పంపు లోపాన్నీ 2021 నాటి పీడన లోపాన్నీ వేరుచేయగలిగారు. 2010 ప్రమాదానికి మాత్రం రెండు కారణాలు సాధ్యమని తోచాయి: సీలు వద్ద పంపు ఇరుసు పట్టివేయడం, లేదా పంపును తిప్పే టర్బైను పెట్టె పగలడం. అందుచేత పంపును మెరుగుపరచి, నేలమీద పరీక్షలు జరిపారు. 2014 జనవరి 5న జి.ఎస్.ఎల్.వి.-డి5 విజయవంతమైంది. 2021 తరువాత, ఇంజను అంటుకోకముందే ఉదజని ట్యాంకులో పీడనాన్ని నిలిపే ఏర్పాటు కావాలని విచారణ సంఘం సూచించింది. 2023 మే 29న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్12, ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చింది.

ఇందులోని సూత్రాన్ని తరగతిలోనే చూపవచ్చు. ఒకసారి మరగించి, సుమారు 70 డిగ్రీలకు చల్లార్చిన నీటిని సూదిలేని సిరంజిలోకి కొద్దిగా తీసుకోవాలి. గాలి లేకుండా కొన మూసి, పిడిని గట్టిగా వెనక్కు లాగాలి. నిప్పు లేకుండానే నీరు బుడగలతో మరుగుతుంది. పిడి వదిలితే బుడగలు మాయమవుతాయి. ఉపాధ్యాయుడు స్వయంగా చేసి చూపితే మంచిది. నీరు వేడిగా ఉంటుంది. పిడి వదిలిన తరువాత సిరంజిని చూసినవారికి అందులో మామూలు నీరే కనిపిస్తుంది. లాగుతున్నప్పుడు చూసినవారికే అసలు సంగతి తెలుస్తుంది.