గర్భిణి ప్రాణాపాయమును కొలుచుట

కాన్పుకై పుట్టింటికి వచ్చిన కూతురు, రేపల్లె చేరువ కృష్ణాతీరపు లంకలోనో, బాపట్ల సముద్రతీరపు పల్లెలోనో, తల పగులునట్లున్నదనియు, కన్నులు మసకలు క్రమ్ముచున్నవనియు, డొక్కల క్రింద నొప్పియనియు చెప్పినచో, దానిని నెలలు నిండిన అలసటగా నెంచి ఉపేక్షింపరాదు. ఇరువది వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90కి పెరిగి, మూత్రమున మాంసకృత్తులు కనబడుటయో, మూత్రపిండములు, కాలేయము మొదలగు అవయవములు దెబ్బతినుటయో జరిగినచో వైద్యులు దానిని ప్రీఎక్లాంప్సియా యందురు. అది ముదిరి మూర్ఛలు వచ్చినప్పుడు పల్లెలవారు గుర్రపువాతమందురు.

పోటు 160/110కి చేరుట తీవ్రతకు గుర్తే. కాని పోటు అంతగా లేకయే, ప్లేట్‌లెట్లు లక్షకు దిగువకు జారిన స్త్రీయు, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసపడు స్త్రీయు అంతకంటె గొప్ప యపాయమున నుండవచ్చును. ఐ.సి.యు.లలో వ్యాధితీవ్రతను లెక్కించుటకు వాడు 1985 నాటి అపాచీ-2, 1996 నాటి సోఫా పట్టికలు గర్భిణిని దృష్టియం దుంచుకొని కూర్చినవి కావు. గర్భధారణమున మూత్రపిండములు హెచ్చుగా రక్తమును వడపోయుటచే క్రియాటినిన్ సహజముగనే తగ్గియుండును, అది 1.1 మిల్లీగ్రాములు దాటుట ఆమె విషయమున తీవ్రలక్షణము, సోఫా లెక్కలోనో 1.2 చేరువరకు దానికి సున్నయే. అపాచీ దీనికి విపరీతముగా మరణభయమును అధికముగా చూపును. ఏలయన, గర్భిణికి సహజమైన మార్పులనుగూడ రోగముగా గణించుటయే గాక, కాన్పైనచో ఈ వ్యాధి క్రమముగా ఉపశమించునను విశేషమును ఆ పట్టిక యెరుగదు.

ఈ కొరతను తీర్చుటకు పీటర్ వాన్ డాడెల్‌జెన్ బృందము 2011లో ప్రకటించిన ఫుల్‌పియర్స్ పద్ధతి, గర్భమాసములు, ఛాతీ నొప్పి లేక ఆయాసము, రక్తమున ప్రాణవాయువు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయపు ఎంజైము అను ఆరింటిని బట్టి రాబోవు 48 గంటల అపాయమును అంచనా వేయును. రక్తపరీక్షలు దొరకని తావులకై 2014లో వెలువడిన మినీపియర్స్, లక్షణములు, పైపోటు, మూత్రపు పట్టీ మొదలగువానితోనే పని నడపును. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు ఇదియే ఎక్కువ అక్కరకు వచ్చునని నా నిశ్చితాభిప్రాయము. రేపల్లె నుండి తెనాలికో, తెనాలి నుండి గుంటూరు సర్వజనాసుపత్రికో పంపవలసిన గర్భిణిని, మూర్ఛ వచ్చుదాక ఉంచుకొనుటకంటె మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదిచ్చి ముందుగనే పంపుట మేలు. ఆ మందు మూర్ఛల అపాయమును సగమునకు తగ్గించునని 2002 నాటి మాగ్‌పై పరిశోధన తేల్చినది. అయితే మందు మితిమీరినచో ఊపిరి మందగించును గావున, మోకాలి స్పందనను, శ్వాసను, గంటగంటకు మూత్రమును నర్సులు చూచుచునే యుండవలెను. మూత్రము తగ్గినదని సెలైను సీసాలు ఎక్కించుటయు ప్రమాదకరమే. ఆ నీరు ఊపిరితిత్తులను చేరవచ్చును.

కాన్పైన మూడవ దినమునుండి ఆరవ దినమువరకు పోటు మరల పెరుగుట కలదు, మూర్ఛయు రావచ్చును. బాలింత ఆ నాళ్ళలో పుట్టింటనే యుండును గనుక, ఏ.ఎన్.ఎం. చేత పోటు చూపించి తల్లీబిడ్డల కార్డుపై వ్రాయించి, తీవ్రమైన తలనొప్పియో ఆయాసమో తోచినంతనే 108ని పిలువవలయును.