పొగాకు సీమలో పొగ మానడం: కొన్ని విశేషాలు

కొత్తపట్నం బీచ్‌కి పోవాలంటే ముందు ఒంగోలు తగులుతుంది. అక్కడ ఏటా పొగాకు వేలం. దాన్ని నడిపే పొగాకు బోర్డు 1976 నుంచీ గుంటూరులోనే ఉంది. విచిత్రమేమిటంటే, సిగరెట్ మానలేనివాళ్లకు ఒక ఆసరా ఇలాంటి పొగాకు చేలల్లోంచే పుట్టింది.

తెల్లారగట్ల మంచుకు తడిసిన పచ్చాకు కోసే కూలీలకు ఒక్కోసారి కడుపులో తిప్పుతుంది, తల తిరుగుతుంది, వాంతులవుతాయి. చుట్ట ముట్టని ఆడవాళ్లకూ ఇదే అవస్థ. ఆకులోని నికోటిన్ తడితోపాటు చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది మరి! అమెరికాలో ముర్రే జార్విక్, జెడ్ రోజ్ అనే పరిశోధకులు ఈ జబ్బు సంగతి విని, నికోటిన్ చర్మం గుండానే ఎక్కేటప్పుడు ఇక పొగతో పనేముందనుకున్నారు. ఇతరుల మీద ప్రయోగానికి అనుమతి దొరక్క ముందు తమ ఒంటికే పూసుకుని చూశారు. చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ కథ అక్కడ మొదలైంది.

మరో ఆసరా అయిన నికోటిన్ గమ్ స్వీడన్‌ది. పొగ తాగే వీల్లేని జలాంతర్గామి నావికులు నోట్లో పొగాకు పెట్టుకుని సరిపెట్టుకోవడమే దానికి ప్రేరణ. 1978లో స్విట్జర్లాండ్‌లో అమ్మకానికి వచ్చింది. మనవాళ్లు దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేసి, ఎక్కిళ్లొచ్చాయని పారేస్తారు. కాసిని సార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. నిమ్మసోడా, కాఫీ తాగితే పావుగంట ఆగాలి. నోట్లో పులుపుంటే మందు సరిగా ఎక్కదు.

అలవాటు చేసేది నికోటిన్, ప్రాణం తీసేది ముఖ్యంగా పొగ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గమ్‌నూ పట్టీనీ 2009లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాల్సిందే.

‘రోజుకొక్కటేగా!’ అనేవాళ్లకు 2018 నాటి ఒక పరిశోధన చేదుగానే ఉంటుంది. రోజుకు 20 కాల్చేవాళ్లకుండే అదనపు గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం ఒక్కటి కాల్చే మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకైతే మూడోవంతు.

సిగరెట్ వదిలి ఖైనీ పట్టడం ఇంకో భ్రమ. ముప్పు నోటికి మారుతుందంతే.

ఈ-సిగరెట్‌ను బ్రిటన్‌లో మానేందుకు సాయంగా సూచిస్తారు. మన దేశంలో 2019 నుంచి దాన్ని అమ్మడమే నేరం. మామూలు సిగరెట్ మాత్రం ప్రతి బడ్డీకొట్లోనూ దొరుకుతుంది, ఇదేం న్యాయమో! ఆ పెట్టె మీదే 2018 నుంచీ మానిపించే ఉచిత ఫోన్ నంబరూ అచ్చవుతోంది: 1800-11-2356.