నూనె మార్చాం సరే, కొలత మాటేమిటి?

మావారి ఉద్యోగం శంషాబాద్ విమానాశ్రయంలో. 2008లో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారినప్పటి నుంచీ మా ఇంట్లో తిండివేళలు షిఫ్టులు చెప్పినట్టే! రాత్రి పదిన్నరకి వచ్చి పూరీలో, వేపుడో తిని పడుకోవడం అలవాటైపోయింది. నిరుడు రక్తపరీక్ష చేయిస్తే చక్కెర హద్దు మీద ఉంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి. గుండె గుభేలుమంది. వెంటనే పామాయిల్ మానేసి వేరుశనగ నూనె మొదలుపెట్టా. మూడు నెలల తర్వాత చూస్తే పెద్ద మార్పేమీ లేదు.

“నూనె మార్చాం కదా డాక్టరుగారూ!” అన్నా ఉక్రోషంగా.

“మంచిదేనమ్మా. నెలకెన్ని ప్యాకెట్లు తెస్తారు?”

లెక్కేసుకున్నా. నలుగురికి ఆరు లీటర్లు. నెయ్యి వేరే!

ఇంతకీ కొవ్వుకీ చక్కెరకీ ఏమిటి సంబంధం? రక్తంలోని చక్కెర కండరాల్లోకి వెళ్లడానికి తలుపు తీసే తాళంచెవి ఇన్సులిన్. ఒంట్లో కొవ్వు ఎక్కువై కండరాల్లో, కాలేయంలో చేరితే ఆ తాళం బిగుసుకుంటుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేయాల్సి వస్తుంది. అటు కాలేయం ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. అందుకే ఈ రెండు తేడాలూ తరచు ఒకే రిపోర్టులో కనిపిస్తాయి.

నూనె రకానికీ విలువుంది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, నేతిలో ఇంకా ఎక్కువ. ఇది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఇది తక్కువ. 2001లో వెలువడిన ఓ అధ్యయనంలో ఐదు దేశాల్లో 162 మంది ఆరోగ్యవంతులకు మూడు నెలలపాటు వేర్వేరు కొవ్వులతో భోజనం పెట్టి చూశారు. సంతృప్త కొవ్వు తిన్నవారిలో ఇన్సులిన్ పనితీరు పది శాతం తగ్గింది. రెండోవారిలో తగ్గలేదు. కానీ అసలు సంగతి ఇది: తినే కేలరీల్లో 37 శాతానికి మించి కొవ్వు నుంచే వచ్చేవారికి, మంచి కొవ్వు తిన్నా ఆ లాభం దక్కలేదు! అంటే రకంతో పాటు కొలతా ముఖ్యమేనన్నమాట.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రెండు వేల కేలరీల భోజనంలో రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. అంటే దాదాపు ఐదున్నర టీస్పూన్లు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు.

ఇప్పుడు ఒకటో తారీకున మూడే ప్యాకెట్లు తెస్తున్నా. మిగతా కాస్తా నేతికి. బాండీలో నూనె ఒంపడం మానేసి చెంచాతో కొలుస్తున్నా. వేపుడు కూరల్ని ముందు ఉడికించి పోపు పెడుతున్నా. వేయించగా మిగిలిన నూనెలో మళ్లీ వేయించకుండా, వడకట్టి ఒకటి రెండు రోజుల్లోనే కూరల్లో వాడేస్తున్నా. నూనె తగ్గిందని అన్నం మరో గరిటె వడ్డించకండి. అన్నం ఎక్కువైనా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. పప్పు, కూరలు పెంచండి. మందులు వాడేవారు డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు.

మొన్నటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు దిగాయి. చక్కెర ఇంకా హద్దు మీదే ఉంది గానీ దాటలేదు.

“మరి మిర్చిబజ్జీలు?” అంటారు మావారు.

“పండక్కి చూద్దాం లెండి!”

మీరూ ఈ నెల ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా ఓసారి లెక్కపెట్టి చూడండి.