రూపు మారిన పాతబండి వెల

తూర్పు కనుమల చెంత మన్యమునకు ద్వారమై నిలిచిన నర్సీపట్నమునుండి చింతపల్లికిని, గూడెం కొత్తవీధికిని, సీలేరునకును ఘాటు రోడ్డెక్కి మనుషులను, మూటలను, పసుపు బస్తాలను, ఒక్కొక్కప్పుడు పురిటి నొప్పులు పడుచున్న స్త్రీలను సైతము మోసికొనిపోయిన జీపులును, పెండ్లిండ్లకును ఆసుపత్రులకును బాడుగ తిరిగిన అంబాసిడర్లును ఇప్పటికిని ఈ ప్రాంతపు పెరళ్లలోను రేకుల షెడ్లలోను అక్కడక్కడ కానవచ్చుచున్నవి. వానిలో కర్మాగారమును విడిచిననాటి రూపుతో మిగిలినవి మిక్కిలి అరుదు. ఒకదానికి ఇంజను మారినది. ఒకదానికి వెనుకభాగము సాగినది. వేరొకదానికి గేరు రాడ్డు చోటు మారినది. ఇట్టి బండిని అమ్మజూపినప్పుడు యజమాని చెప్పు వెలకును, కొనవచ్చినవాడు ఇయ్యజూపు వెలకును నేడు పొంతన కుదురుట లేదు. అందులకు హేతువును సరిగా గ్రహింపకపోవుటచేత అమ్మువాడును నష్టపోవుచున్నాడు, బండియు నష్టపోవుచున్నది.

ఈ మార్పులను వేడుకకై ఎవరును చేయలేదు. 1947లో మహీంద్రావారు మన దేశమున విల్లీస్ జీపులను బిగించుటకు పూనుకొన్నప్పుడు ఆ బండికి 2.2 లీటర్ల పెట్రోలు ఇంజనే ఆధారము. అది మొండిది, నమ్మదగినది, కాని పెట్రోలును తెగ త్రాగును. పెట్రోలు ధర పెరిగినకొలదిని బాడుగబండి యజమానికి దినదినమును చేతిసొమ్ము తరుగుచుండగా, ఆతడు మెకానిక్కును ఆశ్రయించి, మాటడోర్ వ్యానునుండి విప్పిన డీజిల్ ఇంజనునో, మరియొక పాతదానినో తెచ్చి బిగింపించుకొనెను. మౌంటింగులు కోసి అతికి, లేతుమీద ప్లేటు తిప్పించి, రేడియేటరు మార్చి, ఒకదానికై పుట్టని ఇంజనును మరొకదానితో కలిపి ఘాటెక్కించిన ఆ షెడ్డు పనివారి నేర్పు సామాన్యమైనది కాదు. దానిని తక్కువచేసి మాటలాడుటకు నాకు మనసొప్పదు. మరింతమందిని ఎక్కించుకొనుటకై ఛాసిస్‌ను కోసి పొడిగించి వెనుక బల్లలు వేసిరి. అంబాసిడరున స్టీరింగు ప్రక్కనుండు గేరు రాడ్డును నేలకు దించిరి. ఆనాడు ఈ మార్పులే బండికి గిరాకీ తెచ్చినవి. డీజిలుకు మారిన జీపును బాడుగలవారు వెతికి కొనిరి.

ఆ లెక్క తలక్రిందులగుటకు కారణము కొనువాడు మారుటయే. ఘాటు రోడ్డుమీద పనిచేయుటకు బండి కావలసినవానికి నేడు కొత్తబండ్లు అనేకము దొరకుచున్నవి. పాతబండికై వెదకుచు వచ్చువాడు పనికొరకు రాడు. ఆతడు కాలమును కొనుటకు వచ్చును. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ననుసరించి 1957లో ఆరంభమైన అంబాసిడరు ఉత్తరపారా కర్మాగారమున 2014 మే మాసమున ఆగిపోయినది. ఇక అట్టిది పుట్టదు. పుట్టనిదానికి విలువ పెరుగుట లోకసహజమే కాని, ఆ విలువ యంతయు ఒక్క ప్రశ్నమీద నిలిచియున్నది: ఈ బండి ఆ బండియేనా? ఇంజనుపై చెక్కిన సంఖ్యయు, ఛాసిస్‌పై చెక్కిన సంఖ్యయు, ఆర్‌సీ పుస్తకములోని సంఖ్యలును ఏకమైనచో ఆ ప్రశ్నకు సమాధానము లభించినట్లే. అవి కలియనినాడు రంగు ఎంత మెరసినను, సీట్లు ఎంత మెత్తనైనను, సేకరణకర్త సగము మనసుతోనే నిలబడును. అమ్మమ్మ కాసులపేరును కరిగించి కొత్త మోస్తరు నెక్లెసు చేయించినచో బంగారపు తూకము మిగులును గాని ఆ కాసులపేరు మిగులదు కదా.

ఇచ్చట ఒక పొరపాటును నివారింపవలసియున్నది. డీజిల్ ఇంజను ఉన్న ప్రతి జీపును మార్చినదే యని అనుకొనరాదు. మహీంద్రావారి ఎంఎం 540 జీపునకు పెజో డీజిల్ ఇంజను కంపెనీ అమర్చినదే. దానికి అదియే మూలరూపము. అట్లే ఇసుజు ఇంజనుగల అంబాసిడర్లు 1990లలో ఉత్తరపారానుండియే వెలువడినవి. కావున బండి ఏ యేటిది, ఏ నమూనాది, ఆ యేడు కంపెనీ దానికేమి అమర్చినది అను సంగతి తెలియక వెల కట్టుట చీకటిలో బేరమాడుటయే.

మార్పు చేసినంతనే విలువ పోవునా యన్నచో, అన్నివేళల పోదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఒకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకొనగా, 1911లో ఆయన గతించిన పిదప గాని అది రాలేదు. ఛాసిస్ రోల్స్‌రాయిస్‌వారిది, సింహాసనము వంటి పీఠముగల దేహము బార్కర్ సంస్థవారిది. ఒకరి ఛాసిస్‌పై మరొకరు దేహము కట్టుట ఆనాటి పద్ధతి కనుక ఆ కలయికయే దాని మూలరూపము. ఇంతకంటె విశేషమైనది అమెరికాలో జరిగినది. 1968నాటి ‘బుల్లిట్’ చిత్రమున స్టీవ్ మెక్వీన్ నడపిన ఫోర్డ్ ముస్టాంగ్, చిత్రీకరణకై చేసిన మార్పులతో, వెలసిన రంగుతో, సొట్టలతో, ఏ మెరుగును పెట్టకుండగనే 2020 జనవరిలో ఫ్లారిడా వేలమున రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికినది. ఆ మార్పులు ఎవరు, ఎందుకు, ఎప్పుడు చేసిరో పత్రములు సాక్ష్యము చెప్పుటయే అందులకు హేతువు. మన్యపు జీపునకును ఒక చరిత్ర కలదు, లేనిది సాక్ష్యమే. ఏ షెడ్డులో, ఏ యేడు, ఏ బండి ఇంజను తెచ్చి వేసిరో తెలుపు చీటీ ఒక్కటియు మిగులదు. సాక్ష్యములేని మార్పు కొనువానికి అనుమానముగనే తోచును.

చట్టమును ఈ అనుమానమునకు బలము చేకూర్చుచున్నది. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, చట్టము అనుమతించిన కొన్ని మార్పులు తప్ప, ఆర్‌సీలోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమమునే గట్టిగా నిలబెట్టినది. అదే యేడు జరిగిన సవరణచే, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరునెలలవరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. ఆర్‌సీలో పెట్రోలు అనియు, బానెట్టు క్రింద డీజిలనియు ఉన్న బండికి పేరు మార్పిడి సాగుట కష్టము. ఇంక 2021 జూలైలో కేంద్రము చేసిన నియమముల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరములతో ప్రత్యేక నంబరు లభించును. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. కాని ఛాసిస్, దేహము, ఇంజను మార్పు చెందక మూలరూపమున ఉన్నవానికే ఆ గౌరవము. బాడుగకును నిత్యవ్యవహారమునకును ఆ బండి పనికిరాదు. ఛాసిస్ కోసి పొడిగించిన జీపు ఆ గడప దాటజాలదు.

అయినను అన్ని మార్పులును ఒక్క తీరువి కావు. 6 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులకు మార్చుట, డైనమో స్థానమున ఆల్టర్నేటరు పెట్టుట, సీటు బెల్టులు బిగించుట, మేలైన టైర్లు తొడుగుట విప్పి వెనుకకు తీయదగిన పనులు. తీసిన భాగములు భద్రముగానున్నచో వీనివలన వెల పెద్దగా తగ్గదు, ప్రాణరక్షణయు కలుగును. రేకు కోసినచోట, వెల్డింగు పడినచోట, స్పీకర్లకై తలుపులకు తూట్లు పొడిచినచోట మాత్రము మరల పూర్వరూపము తెచ్చుటకగు ఖర్చును కొనువాడు తన బేరములో ముందే తీసివేసికొనును. మితిమీరిన మెరుగును హానియే: వెలసినదైనను కంపెనీ రంగుకంటె, టింకరింగు చేయించి వేసిన ముదురు లోహవర్ణము ఎక్కువ వెల తేదు.

కనుక ఇంట పాతబండి ఉన్నవారికి నా విన్నపమొక్కటే. ఇదివరకే విప్పిన పెట్రోలు ఇంజను షెడ్డు మూలనో, మెకానిక్కు చావడిలోనో ఉన్నచో దానిని తుక్కు సామానువానికి తూకమున అమ్మివేయకుడు. తడి తగులకుండ కట్టియుంచి, దాని సంఖ్యను ఆర్‌సీతో పోల్చి వ్రాసికొనుడు. పని చేసిన వృద్ధ మెకానిక్కు సజీవుడై యున్నచో వెళ్లి, ఏమి మార్చెనో ఎప్పుడు మార్చెనో అడిగి, ఆతనిచేత తేదీవేసి సంతకము చేయించుకొనుడు.