ముక్తినాథ్ దారిలో శాకాహార భోజనం

నేపాల్‌లో దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉన్న ముక్తినాథ్‌ను 108 దివ్యదేశాలలో ఒకటిగా వైష్ణవులు కొలుస్తారు గనుక, పోఖరా నుంచి జోమ్‌సోమ్ మీదుగా అక్కడికి సాగే దారి తెలుగు యాత్రికులకు కొత్తది కాదు. ఆ దారిలో శాకాహారికి కడుపు నిండదన్న భయం మాత్రం చాలావరకు నిరాధారమైనది. కాళీగండకి లోయలోని థాక్ ఖోలా ప్రాంతం థకాలీ అనే వర్తక సమాజానికి పుట్టినిల్లు. టిబెట్టు ఉప్పుకూ దిగువ ప్రాంతాల ధాన్యానికీ మారకం జరిగిన కాలంలో, బాటసారులకు బసతో పాటు అన్నం పెట్టే 'భట్టీ' అనే పూటకూళ్ల ఇళ్లను ఎక్కువగా థకాలీ స్త్రీలే నడిపేవారు. ఇప్పుడు ఖాట్మండులో, పోఖరాలో 'థకాలీ భాన్సా', అంటే థకాలీ వంటిల్లు, అన్న బోర్డుల కింద దొరికేది ఆ వంటే.

దాని ప్రధాన రూపం దాల్‌భాత్. పళ్లెం నడుమ అన్నం, గిన్నెలో పప్పు, చుట్టూ బంగాళదుంప కూర, వేయించిన ఆవాకు, 'గుంద్రుక్' అనే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర, తిమూర్ గింజల ఘాటుతో నాలుకను కాస్త తిమ్మిరెక్కించే పచ్చడి ఉంటాయి. అన్నం వద్దనుకుంటే రాగిపిండితోనో, ఫాపర్ అనే కొండ ధాన్యపు పిండితోనో వండిన 'ఢిండో' అడగవచ్చు. రాయలసీమ సంగటి తిన్నవారికి అది పరాయి తిండి అనిపించదు. అన్నం, పప్పు, కూర అడిగినప్పుడల్లా మళ్లీ వడ్డించడం ఆనవాయితీ గాని, మాంసానికి సాధారణంగా ఆ మర్యాద ఉండదు కాబట్టి, ఈ పళ్లెంలో నిజంగా లాభపడేది శాకాహారే.

పిజ్జా మొదలు పాస్తా వరకు అన్నీ చూపించే మెనూ కార్డు కంటే ఇంటివాళ్లు తమకోసం వండుకునే ఈ భోజనమే నమ్మదగినది. అయితే ముక్తినాథ్ ఎత్తున నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గనుక పప్పు మెత్తబడడానికి ప్రెషర్ కుక్కర్‌తో కూడా సమయం పడుతుంది. గదిలో దిగగానే భోజనం చెప్పి ఉంచడం మేలు.

జాగ్రత్త అవసరమైనది థుక్పా, మోమోల విషయంలోనే. నూడుల్స్ సూప్ అయిన థుక్పాలో పైకి కూరగాయలే కనిపించినా, అడుగున ఉన్న రసం ఎముకలు మరిగించి తీసినది కావచ్చు. కూరగాయల మోమోలను మాంసపు మోమోలు ఉడికిన పాత్రలోనే ఉడికించే చోట్లూ ఉంటాయి. 'మాసు ఖాందిన', అంటే మాంసం తినను, అన్న మాటకు తోడు రసం దేనితో కాచారో విడిగా అడగాలి. ఇక ఉల్లి, వెల్లుల్లి మానినవారికి పప్పులోనూ ఒక చిక్కు ఉంది: నేతిలో వేయించి పోపు పెట్టే 'జింబు' అనే ఎండు ఆకు కూడా ఉల్లి జాతిదే కాబట్టి, అది వద్దన్న సంగతి పోపు పడకముందే వంటింట్లో చెప్పాలి.